పెడల్స్ అమ్మేయొద్దు, ముందు వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి వెయ్యి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నావు, తర్వాత వాయించిన ముక్కని రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిప్పే లూప్ స్టేషన్ కూడా కొన్నావు, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని పాటకొకటి చొప్పున నలభై ప్యాచ్‌లు, అంటే సేవ్ చేసిన సౌండ్ సెట్టింగులు, తయారు చేసుకున్నావు. ఇంట్లో అద్భుతంగా ఉన్న సౌండ్ రిసెప్షన్ స్టేజీ ఎక్కేసరికి ఎవరికీ వినపడట్లేదు. కీబోర్డు వాయించే ఆయన "ఇవన్నీ తీసి పక్కన పెట్టి మామూలుగా వాయించు" అంటున్నారు. సింగర్ నీ వైపు చూసి సైగ చేస్తుంటే నువ్వు కింద పెడల్స్ వైపు చూస్తున్నావు. అన్నీ అమ్మేసి ఉత్త గిటార్‌తో వెళ్లాలా, లేకపోతే ఇంకా ఖరీదైన ప్రాసెసర్ కొనాలా అని అడిగావు.

రెండూ వద్దు. నేను ఇరవై ఆరేళ్లుగా ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తున్నాను. గోదావరి జిల్లాల్లో మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు, కాలేజీ ఫంక్షన్లు, చర్చి ప్రోగ్రాములు అన్నీ చేశాను. నువ్వు చెప్పిన ప్రతి ఇబ్బందీ నేను పడ్డదే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఇంట్లో బాగున్న సౌండ్ స్టేజీ మీద ఎందుకు మాయమవుతోందో చూద్దాం. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్ సరిగ్గా అందదు, బాగా పైనున్న ట్రెబుల్ కూడా కొంత తగ్గినట్టే వినిపిస్తుంది. దీన్ని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కొలిచి గ్రాఫులు గీసి పెట్టారు. రాత్రిపూట పక్క గదిలో వాళ్లు నిద్రపోతున్నారని చిన్న సౌండ్‌లో ప్యాచ్ చేస్తావు కదా, అప్పుడు నీ చెవి ఆ లోటు పూడ్చుకోవడానికి బాస్ పెంచమంటుంది, ట్రెబుల్ పెంచమంటుంది, మధ్యలో ఉన్న మిడ్ రేకు డబ్బా సౌండ్‌లా ఉందనిపించి దాన్ని తగ్గించేస్తావు. అదే ప్యాచ్‌ని పెద్ద స్పీకర్లలో పెట్టగానే నీ బాస్ వెళ్లి బాస్ గిటార్ మీద, డోలక్ మీద పడుతుంది, ట్రెబుల్ వెళ్లి సింబల్స్‌లో కలిసిపోతుంది. గిటార్ నిజంగా బతికేది మిడ్‌లో, దాన్నేమో నువ్వే ఇంట్లో కోసేసి వచ్చావు. సౌండ్ ఆపరేటర్ ఫేడర్ ఎంత పైకి తోసినా లేని మిడ్‌ని ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు?

కాబట్టి ప్యాచ్‌లు స్టేజీ సౌండ్‌లోనే చెయ్యాలి. రిహార్సల్‌కి అరగంట ముందు వెళ్లు, స్పీకర్‌లో పెద్దగా పెట్టుకుని చెయ్యి, డ్రమ్స్ అతను వచ్చాక అతను వాయిస్తుండగా మళ్లీ సరి చెయ్యి. ఒంటరిగా విన్నప్పుడు కాస్త మొరటుగా, ముక్కుతో మాట్లాడినట్టుండే గిటార్ సౌండే బ్యాండ్ మధ్యలో చక్కగా కూర్చుంటుంది. ఇది నమ్మడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టు సౌండ్‌కి తగిలించే మోత, దాని సంగతి కూడా అంతే. మన ఫంక్షన్ హాళ్లలో కింద మార్బుల్, చుట్టూ అద్దాలు, పైన ఎత్తైన సీలింగ్. ఆ హాలే పెద్ద రివర్బ్ పెడల్. దాని మీద నీ ప్యాచ్‌లో ఉన్న రివర్బ్, ఆ పైన మిక్సర్‌లో సౌండ్ అబ్బాయి వేసే రివర్బ్, మూడూ కలిస్తే వెనక వరసలో కూర్చున్నవాళ్లకి గిటార్ కాదు, పొగ వినిపిస్తుంది. హాల్లో అయితే నీ రివర్బ్ పూర్తిగా ఆపెయ్. ఓపెన్ గ్రౌండ్‌లో అయితే కొంచెం వేసుకో, అక్కడ తిరిగొచ్చే గోడలు ఉండవు.

గెయిన్, అంటే సౌండ్‌ని గరుకు చేసే డిస్టార్షన్ మోతాదు, దాని గురించి ఒక మాట. డిస్టార్షన్ ఎక్కువైన కొద్దీ గట్టిగా కొట్టిన దెబ్బకీ మెల్లగా కొట్టిన దెబ్బకీ తేడా పోతుంది, అంతా ఒకే మందంగా వస్తుంది. మనిషి చెవి పట్టుకునేది ఆ తేడానే. గెయిన్ సగానికి తగ్గించి వాయించి చూడు, సౌండ్ చిన్నదైనట్టు నీకు అనిపిస్తుంది కానీ జనానికి నోట్లు విడివిడిగా వినపడతాయి.

ఇప్పుడు నలభై ప్యాచ్‌ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు చిక్కుముడి అక్కడే ఉంది. అన్ని ప్యాచ్‌లు ఎందుకు చేశావో నాకు తెలుసు. సినిమా పాట రికార్డింగ్‌లో గిటార్ ఎలా ఉందో అచ్చం అలాగే రావాలని. కానీ ఆ పాటలో ఉన్నది ఒక్క గిటార్ కాదు, చాలా పాటల్లో రెండు మూడు గిటార్లు ఒకదాని మీద ఒకటి వేసి, ఎడమ కుడి పక్కలకి పంచి, స్టూడియోలో తీరిగ్గా కూర్చుని కలిపినవి. దాన్ని ఒక్కడివి, ఒక్క జాక్ నుంచి ఎలా తెస్తావు? కోరస్ ఎఫెక్ట్ డెప్త్ ఎంతుందో, ఏ స్పీకర్ క్యాబినెట్ వాడారో పెళ్లికొచ్చిన వాళ్లెవరూ గుర్తుపట్టరు. వాళ్లు గుర్తుపట్టేది ఆ పాటలో గిటార్ పాడే నాలుగు నోట్ల వరస. పల్లవి ముందు వచ్చే ఆ చిన్న ముక్క సరైన కాలంలో, సరైన జారుడుతో వస్తే చాలు, ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ కూడా తల ఊపుతారు. ఒక్కో పాట విని, ఇందులో గిటార్ తీసేస్తే జనం దేన్ని వెతుక్కుంటారు అని నిన్ను నువ్వు అడుగు. అదొక్కటే వాయించు. మిగతాది కీబోర్డు ఆయన స్ట్రింగ్స్ టోన్‌లోనో ఫ్లూట్ టోన్‌లోనో ఎలాగూ నింపుతున్నారు. ఆయన నింపిన చోటే నువ్వూ డిలే (కొట్టిన నోట్‌ని ప్రతిధ్వనిలా మళ్లీ మోగించేది), కోరస్ వేసి నింపుతుంటే ఆయనకి కోపం రాదూ? ఆయన "తీసేయ్" అన్నది పెడల్స్ మీద ద్వేషంతో కాదు, చోటు చాలక.

నా బోర్డు మీద ఇప్పుడు మూడు సౌండ్లున్నాయి. ఒకటి క్లీన్. రెండోది క్లీన్‌కి కొంచెం గరుకు చేరింది. మూడోది సోలోకి, అంటే రెండోదానికే చివర్లో ఒక బూస్ట్, మూడు నాలుగు డెసిబెల్స్ అంతే. ఆ బూస్ట్ డిస్టార్షన్ తర్వాత ఉండాలి, ముందు పెడితే గరుకు పెరుగుతుంది తప్ప సౌండ్ పెరగదు. ఇవి మూడూ ఒకే ప్యాచ్‌లో పెట్టుకుని స్విచ్‌లతో ఆన్ ఆఫ్ చెయ్యి, ప్యాచ్ నుంచి ప్యాచ్‌కి దూకొద్దు. చాలా ప్రాసెసర్లలో ప్యాచ్ మారేటప్పుడు రెప్పపాటు సౌండ్ ఆగిపోతుంది, డిలే తోక తెగిపోతుంది, పైగా ఒక్కో ప్యాచ్ ఒక్కో వాల్యూమ్‌లో ఉంటుంది. సౌండ్ ఆపరేటర్ ఒక పాటకి నిన్ను సెట్ చేసేలోపు రెండో పాటలో నువ్వు వేరే మనిషివైపోతావు, రెండుసార్లు అలా జరిగితే ఆయన నిన్ను కిందకి లాగి అక్కడే వదిలేస్తాడు.

మూడు సౌండ్లతో మూడు గంటల ప్రోగ్రాం ఎలా అంటావేమో. వాల్యూమ్ నాబ్‌తో. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు తెలిసిన వాటిలో అన్నింటికన్నా విలువైనది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్యి. గరుకు సౌండ్ ఆన్ చేసి, గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ని పది నుంచి ఆరుకి తిప్పు. ఆంప్‌ని, పెడల్‌ని ముట్టుకోవద్దు. గరుకు కరిగిపోయి దాదాపు క్లీన్ అవుతుంది, అయినా పూర్తి క్లీన్ కాదు, గట్టిగా కొడితే చివర్లో కొంచెం జీర వస్తుంది. నాలుగుకి తిప్పి వేళ్లతో మీటు, సింగర్ చరణం మెల్లగా పాడుతున్నప్పుడు వెనక ఉండాల్సిన సౌండ్ అది. ఇప్పుడు చిటికెన వేలు నాబ్ అంచుకి ఆనించి, సున్నాలో ఉంచి నోట్ కొట్టి, వెంటనే మెల్లగా పైకి తిప్పు. దెబ్బ వినపడదు, నోట్ మాత్రం ఎక్కడి నుంచో ఉబికి వస్తుంది, వయొలిన్ మీద కమాను మొదలైనట్టు. దీని వెనక కొంచెం డిలే వేస్తే కీబోర్డు ప్యాడ్ టోన్‌కి దీటైన సౌండ్ వస్తుంది, పైగా అది నీ వేలితో వచ్చింది కాబట్టి సింగర్ ఊపిరి ఎంతసేపు నిలిపితే అంతసేపు నిలపగలవు, ఆమె తగ్గిస్తే నువ్వూ తగ్గించగలవు. ప్యాచ్‌లో సేవ్ చేసిన సౌండ్ ఆమె వైపు చూడలేదు, నీ చిటికెన వేలు చూడగలదు. రెండు వారాలు రోజూ పావుగంట దీని మీదే పెట్టు. పిక్‌ని బ్రిడ్జ్ దగ్గరగా కొడితే ఏమవుతుంది, నెక్ వైపు జరిపితే ఏమవుతుంది, పిక్ పక్కకి వంచితే ఏమవుతుంది, ఇవన్నీ కూడా ఎఫెక్ట్సే. కొన్ని పాటల్లో నేను పెడల్ అసలు తొక్కను, జనం మాత్రం నాలుగైదు రకాల గిటార్లు విన్నామంటారు.

ఎఫెక్ట్స్ మీద ఆధారపడితే ఏమవుతుందో నాకు భీమవరం వైపు ఒక రిసెప్షన్‌లో తెలిసింది. కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తోంది ప్రోగ్రాం, మేం స్టేజీకి తీసుకున్న లైను నుంచే వంటల దగ్గర గ్రైండర్‌కి కూడా ఎవరో లైను లాగారు. రెండో ఇంటర్‌ల్యూడ్ మధ్యలో గ్రైండర్ ఆన్ అయింది, స్టేజీ లైట్లు ఒక్క క్షణం పసుపెక్కాయి, నా ప్రాసెసర్ ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి స్టార్ట్ అవుతోంది. స్క్రీన్ మీద కంపెనీ బొమ్మ, కింద మెల్లగా జరిగే గీత. పాట మాత్రం ఆగదు కదా. కేబుల్ పీకి నేరుగా డీఐ బాక్సులో, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బాలో, గుచ్చాను. సౌండ్ వచ్చింది, కానీ నేను వాయించాల్సిన ముక్క సగమే వచ్చింది. ఎందుకంటే ఆ ముక్క నేను డిలేతో కట్టుకున్నాను, బార్‌కి, అంటే ఒక తాళం చుట్టుకి, మూడు నోట్లు నేను కొడితే మిగతా ఖాళీలన్నీ డిలే నింపేది. డిలే లేకపోయేసరికి మూడు నోట్లు, తర్వాత గొయ్యి, మళ్లీ మూడు నోట్లు, మళ్లీ గొయ్యి. డోలక్ వాయించే పెద్దాయన తలెత్తి నా వైపు చూసి, మొదటి గొయ్యిని తనే ఒక ముక్తాయింపుతో పూడ్చారు. రెండో బార్‌లో నేను ఆ ప్రతిధ్వని నోట్లని చేత్తోనే కొట్టడం మొదలుపెట్టాను, అరచేతి అంచు తీగల మీద ఆనించి, మెల్లగా, ఒకదాని కన్నా ఒకటి చిన్నగా. ఆయన నవ్వి నాకు జవాబు ఇవ్వడం మొదలుపెట్టారు. నేను తగ్గిస్తే ఆయన తగ్గించారు, నేను ఒక నోట్ ఆలస్యం చేస్తే ఆయన ఆ చోట ఒక్క దెబ్బ వేసి వదిలారు. అన్నేళ్లు ఆయన పక్కనే వాయించాను, డిలే మోగుతున్నంతకాలం ఆయనకి నాతో మాట్లాడే ఖాళీ దొరకలేదని ఆ రాత్రి అర్థమైంది.

అప్పటి నుంచి ఇంట్లో ఏ ముక్క కట్టుకున్నా ముందు ప్రాసెసర్ ఆపేసి వాయిస్తాను. ఎఫెక్ట్ లేకుండా ఆ ముక్క నిలబడాలి, కాళ్లు లేకపోతే కనీసం కూర్చోవాలి. ఆ తర్వాత ఎఫెక్ట్ వేసుకుంటాను, అది ముక్కకి కొత్తగా ఏదైనా ఇస్తేనే ఉంచుతాను.

అలాగని టెక్నాలజీ వద్దనే మనుషులతో నేను ఏకీభవించను. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని తీసుకో. మామూలు మాండొలిన్‌కి జంట తీగలు నాలుగు, మీటగానే టింగుమని ఆగిపోయే సౌండ్. దాని మీద గమకం ఎలా పలుకుతుంది? తీగ లాగి జారేలోపే నాదం చచ్చిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. నాదం నిలవడానికి తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్, ఆంప్లిఫయర్, వేలు తీగని లాగడానికి ఒంటి తీగ. అంతే, ఇంకేమీ లేదు. కర్ణాటక సంగీతం మొత్తం దాని మీద పలికింది. ఇందులో ఇంకో విషయం ఉంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని ఆ పాటని వాద్యం మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి ఆ అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఏ గమకం కావాలో గొంతు చెప్పింది, దానికి ఎంత కరెంటు కావాలో అంతే వాడుకున్నారు. నువ్వూ అలాగే చెయ్యి, సోలో వాయించే ముందు దాన్ని నోటితో పాడు. పాడలేని సోలోలో చాలావరకు వేళ్ల అలవాటే ఉంటుంది, పాట ఉండదు. పాడిన తర్వాత, నోట్ నీ గొంతులో సాగినంత సేపు గిటార్‌లో సాగట్లేదనిపిస్తే అప్పుడు సస్టెయిన్ కోసం, అంటే నోట్ ఎక్కువసేపు నిలవడానికి, కంప్రెసర్ పెడల్ వేసుకో. ఆ వరసలో వస్తే ఏ పెడల్ ఎందుకు కొంటున్నావో నీకే తెలుస్తుంది.

డిలేకి కూడా ఒక చిన్న లెక్క చెప్తాను. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో దానితో, భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 100 అయితే బీట్ 600. ముప్పావు బీట్ డిలే కావాలంటే 450. అయితే మైనస్ ట్రాక్ (గొంతు తీసేసిన రికార్డింగ్) మీద నడిచే పాటలకే ఈ లెక్క పెట్టుకో. మనుషులు వాయించే పాట చరణంలో కొంచెం ముందుకి జరుగుతుంది, జరగాలి కూడా, అప్పుడు లెక్కపెట్టి సెట్ చేసిన డిలే రెండు బార్లలో ఎదురు తిరుగుతుంది. అలాంటి పాటలకి, కాలితో తాళం తొక్కితే డిలే ఆ వేగానికి మారే ట్యాప్ స్విచ్ వాడు, లేదా డిలే సౌండ్ బాగా తగ్గించి, ఉందా లేదా అన్నట్టు పెట్టు.

కరెంటు, కేబుళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. గిటార్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చొద్దు, దాని ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే విద్యుత్ నిరోధం) గిటార్ పికప్‌కి బాగా తక్కువ, ట్రెబుల్ అంతా చచ్చిపోయి దుప్పటి కప్పినట్టు వస్తుంది. సంచిలో ఎప్పుడూ సొంత డీఐ బాక్స్ ఉంచుకో. గిటార్ నుంచి మొదటి పెడల్‌కి వెళ్లే కేబుల్ పొట్టిగా ఉంచు, ఐదారు మీటర్లు దాటితే అక్కడా ట్రెబుల్ పోతుంది. ప్రాసెసర్‌కి విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే గ్రైండర్ల బాధ ఉండదు.

ఇక లూప్ స్టేషన్. బ్యాండ్‌తో వాయించేటప్పుడు దాన్ని సంచిలోంచి బయటికి తియ్యకు, కనీసం ఇంకో ఆరు నెలలు. కారణం ఇది. టెంపో 100లో నాలుగు బార్ల లూప్ (బార్‌కి నాలుగు బీట్లు) సరిగ్గా 9.6 సెకన్లు ఉండాలి. నీ కాలు సెకనులో పదో వంతు ఆలస్యంగా పడిందనుకో, అది 9.7 అవుతుంది. పదిసార్లు తిరిగేసరికి డ్రమ్స్ అతనికీ నీ లూప్‌కీ మధ్య ఒక సెకను తేడా. అతను నీ లూప్‌ని తన పక్కనుండే మానిటర్ స్పీకర్‌లో వింటూ దాన్ని పట్టుకుని వాయిస్తే తప్ప కుదరదు, మన స్టేజీల మీద డ్రమ్స్‌కి మానిటర్ దొరకడమే గొప్ప. పాట తప్పినప్పుడు అందరూ లూప్‌కి కట్టుబడిపోతారు, అది మాత్రం ఎవరి మాటా వినదు. ఒక్కడివే వాయించేటప్పుడు, హోటల్లో సాయంత్రం ప్రోగ్రాంలాంటివి దొరికితే, అప్పుడు వాడు. అప్పుడు కూడా జనం ముందు ఒక్కో పొర కట్టుకుంటూ ఐదు నిమిషాలు తినేయకు, రెండు పొరలతో ఆపి దాని మీద వాయించు, మధ్యలో ఒకసారి లూప్ ఆపేసి ఒంటి గిటార్‌తో పల్లవి ఎత్తుకో.

లూప్ స్టేషన్‌కి ఇంట్లో మాత్రం చాలా పనుంది. పాట కార్డ్స్ లూప్ చేసుకుని, ప్రాసెసర్ ఆపి, దాని మీద సోలో రికార్డు చేసుకుని మర్నాడు విను. ఎక్కడ చోటు వదిలావో, ఎక్కడ ఊపిరి తీసుకోకుండా వాయించావో నీకే తెలుస్తుంది. వచ్చే ప్రోగ్రాంకి ముందు కీబోర్డు ఆయనకి ఫోన్ చేసి, "అన్నా, ఈసారి మూడు సౌండ్లతోనే వస్తున్నాను, ఏ పాటలో ఎక్కడ మీరు వదిలేస్తారో చెప్పండి" అని అడుగు. ప్రోగ్రాం అయ్యాక ఏం జరిగిందో ఇక్కడే రాయి, రికార్డింగ్ ఉంటే అది కూడా పెట్టు, తప్పకుండా వింటాను.